స్వప్న సవరం

స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. ఎవరి బ్యాగు జిప్పుకో చిక్కుకున్న ఆమె సవరం మాత్రం అదే మెట్రోలో మలక్‌పేట వైపు సాగిపోయింది. తడుముకుంటే మెడ చల్లగా తగిలింది. నలభై మూడేళ్ల స్వప్నకు క్యాన్సర్ మందులు జుట్టంతా ఊడ్చేశాయి. తలగడ మీద రాలినదాన్ని అత్త అండాలమ్మ పోగుచేసి సవరం అల్లించింది. మళ్లీ మొలిచిన పొట్టి పిలకకు దాన్ని రోజూ పిన్నులతో బిగించి పంపుతుంది. మెట్రో లేడీస్ పెట్టెలో తన ఈడు ఆడవాళ్లు ఎలా ముస్తాబయ్యారో చూడటం స్వప్నకు అలవాటు. ముఖ్యంగా చైతన్యపురిలో ఎక్కే ఒకావిడను: నెరిసిన క్రాపు, నేతచీర, భుజాలు తాకే జుంకాలు. ఆవిడ కనిపించినప్పుడల్లా స్వప్న చెయ్యి సవరం మీదికి పోయేది, దొంగసొమ్ము దాచుకుంటున్నట్టు.

ఆ రోజు తను పనిచేసే గాజుల కొట్టుకు అలాగే వెళ్లింది. కొట్టులో వాళ్లు ఆమె తల చూసి చూపు తిప్పుకున్నారు. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది. సాయంత్రం ఫుట్‌పాత్ మీద పెద్ద జుంకాలు కొని పెట్టుకుని, బండివాడి చేతి అద్దంలో చాలాసేపు చూసుకుంది.

ఎల్బీనగర్‌లో ఇంటి గడప దగ్గరే అండాలమ్మ అందుకుంది. “ఏందే గీ మొండి తల? అవి నీ ఎంట్రుకలేనే, ఒక్కొక్కటి ఏరి అల్లించిన. యాడ పారేసినవ్?”

“అవి మలక్‌పేట దిక్కు పోయినయ్ అత్తమ్మా, నేనైతే ఇంటికొచ్చిన.”