పాట మధ్యలో పళ్ళెం

తప్పు చేసినవాడు దాన్ని దాచుకుంటాడు. దాచడం కుదరకపోతే పక్కవాడి నెత్తిన పెడతాడు. యూసుఫ్‌గూడ ఓంప్రకాష్ మాత్రం తన తప్పును పెళ్ళి శుభలేఖలా ఇంటింటికీ పంచిపెట్టేవాడు. వద్దన్నా ఇచ్చేవాడు. ఇచ్చిన ఇంటికే మరిచిపోయి మళ్ళీ వెళ్ళేవాడు.

పోనీ అన్ని తప్పులూ చెప్పుకుంటాడా అంటే, అదీ లేదు. భార్య మనోజ పప్పులో ఉప్పెక్కువైందంటే "నేనెందుకేస్త?" అని కొట్లాటకు దిగేవాడు. అతను ఒప్పుకునేది ఒకే ఒక్క తప్పు. పదిహేనేళ్ళ వయసులో, పాట మధ్యలో, కొట్టకూడని చోట, ఇత్తడి పళ్ళెం మీద కొట్టిన ఒక్క దెబ్బ.

ఠంగ్!

ఆ పాట అతని ఫోనులో ఉండేది. దొరికినవాణ్ణి దొరికినచోట నిలబెట్టి వినిపించేవాడు. ఆయాసంగా ఉందని డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన చెవుల్లోంచి గొట్టం తీయించి ఫోను పెట్టాడు. "గుండె సంగతి తర్వాత సూడుండ్రి సార్. జర గిది వినుండ్రి. మా బ్యాండు తొలి పాట. ఇగో, వస్తంది, వస్తంది..." ఠంగ్! డాక్టరు కుర్చీలో ఎగిరిపడ్డాడు. "గా తప్పు నాదే!" అన్నాడు ఓంప్రకాష్ గుండె విరుచుకుని. ఆ గుండెకు ఏ రోగమూ లేదని డాక్టరుకు అక్కడే తెలిసిపోయింది.

కూతురు స్ఫూర్తికి మోతీనగర్ నుంచి పెళ్ళిచూపులకు వచ్చారు. "అమ్మాయి పాడుతుందా?" అని అడిగింది పిల్లవాడి నాయనమ్మ. "పిల్ల సంగతి తర్వాత. ముందు తండ్రి సంగతి వినుండ్రి" అంటూ ఫోను తీశాడు. మనోజ వంటింట్లోంచి కళ్ళతోనే చంపేసింది. ఠంగుమనగానే నాయనమ్మ చేతిలోని మైసూర్‌పాక్ వెళ్ళి పిల్లవాడి కాఫీలో పడింది. అయినా సంబంధం కుదిరింది. అడగకుండానే తన తప్పు చెప్పుకునే వియ్యంకుడు మళ్ళీ దొరకడని వాళ్ళు అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఇంతకీ ఆ పాట పాడింది ఎవరనుకున్నారు? కమలాకర్. జూబ్లీహిల్స్‌లో ఇల్లు, ఫిల్మ్‌నగర్‌లో సొంత స్టూడియో ఉన్న సంగీత దర్శకుడు కమలాకరే. అతని పాటల్లో డోలకూ డప్పూ వాయించేది ఓంప్రకాష్. ఇద్దరూ పగవాళ్ళకన్నా ఎక్కువ పోట్లాడుకునేవారు, విడిపోయి మాత్రం ఒక్క పూట ఉండలేకపోయేవారు.

ఓసారి జోలపాట రికార్డింగు. వయొలిన్ల వాళ్ళందరూ ఊపిరి బిగబట్టి, పసిపిల్ల రెప్పలు వాలుతున్నట్టు వాయిస్తున్నారు. ఠంగ్! ఓంప్రకాష్ ఫోను. దానికి ఆ మోతనే రింగ్‌టోనుగా పెట్టుకున్నాడు మహానుభావుడు.

"ఎవరిదయ్యా ఆ ఫోను?" అని అరిచాడు కమలాకర్, తెలియనట్టు.

"తప్పు నాదే!"

"చంపేస్తానొరేయ్! అప్పుడు నా గొంతు పోగొట్టావు, ఇప్పుడు పాట పోగొడుతున్నావు!"

"నీ గొంతు పోకుంటే నువ్వు సంగీత దర్శకుడెట్ల అయితుంటివిరా? దండం పెట్టు నాకు."

కమలాకర్ కడుపుమంట అదే. ఆ మోతకు జడుసుకునే తన గొంతు ఆగిపోయిందనీ, లేకపోతే పెద్ద గాయకుణ్ణి అయ్యేవాణ్ణనీ అతని నమ్మకం. ఇంటర్వ్యూల్లో కూడా చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఓంప్రకాష్ చప్పట్లు కొట్టేవాడు.

ఆ కథ ఇలా జరిగింది. కమలాకర్ తండ్రి సుబ్రహ్మణ్యం సినిమా వయొలినిస్టు. పరిశ్రమతోపాటు మద్రాసు వదిలి వచ్చి, యూసుఫ్‌గూడలో ఓంప్రకాష్ వాళ్ళ వీధిలో అద్దెకు దిగాడు. సంగీతంలో ఎన్ని పస్తులుంటాయో ఆయనకు తెలుసు. కొడుకును పాలిటెక్నిక్‌లో పడెయ్యాలని తీర్మానించాడు. కొడుకు ఏడిస్తే, చివరికి ఒక్క అవకాశం ఇచ్చాడు. "ఒక పాట రికార్డు చేసి తీసుకురా. నీలో సరుకుంటే నేనే నేర్పిస్తాను. లేకపోతే నోరు మూసుకుని చదువుకో."

అలా పుట్టింది 'యూసుఫ్‌గూడ థండర్స్'. కమలాకర్ గొంతు, సాయిశ్రీనివాస్ గిటారు. ఆ సాయిశ్రీనివాస్ ఇప్పుడు ఎర్రగడ్డలో దోసెలు వేస్తున్నాడు, గిటారు కన్నా అవే బాగా పలుకుతాయి. డ్రమ్ములు ఓంప్రకాష్‌వి. డ్రమ్ములంటే ఒక నూనె డబ్బా, రెండు రంగు బకెట్లు, కిటికీకి తాడుతో వేలాడదీసిన వాళ్ళమ్మ బుచ్చమ్మ ఇత్తడి పళ్ళెం. పళ్ళెం పాట చివర ఒక్కసారే మోగాలని ఒప్పందం.

కొత్త క్యాసెట్ లేదు. బుచ్చమ్మ భజనల క్యాసెట్ ఉంది. పైనున్న చీలికల్లో కాగితం ఉండలు దోపితే పాత పాట మీద కొత్తది ఎక్కుతుందని ఆ రోజుల్లో ప్రతి పిల్లవాడికీ తెలుసు. దేవుడేమీ అనుకోడని ముగ్గురూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. బుచ్చమ్మ ఏమనుకుంటుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రికార్డింగు రోజు పొద్దున ఓంప్రకాష్ పళ్ళేన్ని కిటికీ దగ్గర్నుంచి విప్పి, తన మోకాలి పక్కకు కట్టుకున్నాడు.

"అది చివర్లో కదరా కొట్టేది? అంత దగ్గర దేనికి?" అన్నాడు కమలాకర్.

"ఉండనియ్‌రా. నీకేం తిప్పలయితంది?"

పల్లవి అయింది. చరణం ఎత్తుకున్నారు. పైస్థాయిలో పట్టాల్సిన మాట దగ్గరికి వచ్చేసరికి... ఠంగ్! వీధి కుక్కలు లేచాయి. వంటింట్లోంచి బుచ్చమ్మ దూసుకొచ్చింది. "ఓరి మీ పాడుగాను! నా పళ్ళెం! నా భజనలు! ఏం పోయేకాలం వచ్చెరా పోరగాండ్లకు!" ఆ కేకతో సహా అంతా టేపుకెక్కింది. ఆ వెంటనే పాత భజన బృందం "గోవిందా గోవింద" అని అందుకుంది. పళ్ళెం, టేపురికార్డరు, ఓంప్రకాష్ చెవి, మూడూ బుచ్చమ్మ చేతికి చిక్కాయి. ఇంకోసారి పాడే ముచ్చటే లేకపోయింది.

సాయంత్రం బుచ్చమ్మను బతిమాలి తెచ్చిన క్యాసెట్‌లో సుబ్రహ్మణ్యం ఆ ముక్కే విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. "పళ్ళెం కొట్టిందెవరు?"

ఎర్రటి చెవితో ఓంప్రకాష్ ముందుకు దూకాడు. "నేనే సార్. తప్పు నాదే. వాడు మంచిగ పాడిండు."

సుబ్రహ్మణ్యం అతన్ని ఎగాదిగా చూశాడు. "పాడేవాడి పక్కన ఇలాంటివాడు ఒకడుండాలి" అన్నాడు. అందరూ వెటకారమనుకుని తలలు దించుకున్నారు. తరవాత కొడుకు వైపు తిరిగాడు. "పాలిటెక్నిక్ మాట ఇక ఎత్తను. కానీ నువ్వు కొన్నాళ్ళు పాడకు. ముందు వాయించడం నేర్చుకో."

ఆ 'పాడకు' అన్నది పళ్ళెం వల్ల పడిన శిక్షే అనుకున్నాడు కమలాకర్. ఆ కోపం అలాగే ఉండిపోయింది.

ఇదిలా ఉండగా మొన్నీమధ్య ఒక మ్యూజిక్ ఛానల్ వాళ్ళు వచ్చారు. పేరున్న సంగీతకారులు చిన్నప్పుడు కట్టిన బ్యాండ్లూ, వాళ్ళ తొలి రికార్డింగులూ జనానికి వినిపించే కార్యక్రమమట. కమలాకర్ పొంగిపోయాడు. పాట ఇస్తానన్నాడు, అయితే శుభ్రం చేసి. పళ్ళెం మోతా, బుచ్చమ్మ కేకా తీసేయిస్తే, తను ఎంతటి గాయకుడో లోకం ఇన్నాళ్ళకైనా వింటుంది!

ఓంప్రకాష్ చెవిన పడింది. టిఫిన్ డబ్బా, చెంబు, చాప పట్టుకుని వచ్చి ఫిల్మ్‌నగర్ స్టూడియో గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"లేవరా. లోపలికి మనుషులు రావాలి."

"లేవ. పళ్ళెం తీస్తే పాటే ఇయ్యొద్దు."

"ఒరేయ్, అది తప్పురా! ఊరంతా నువ్వే చెప్పుకున్నావు కదా తప్పని!"

"తప్పే. నా తప్పు. నా తప్పు తీసేటందుకు నువ్వెవనివి? నన్నడిగి తియ్యాలె. నేనియ్య."

"ప్రపంచమంతా వింటుందిరా!"

"విననియ్. బ్యాండంటే అందరిదీ. గొంతు ఉంచుకుని పళ్ళెం పారేస్తనంటే యూసుఫ్‌గూడల నడవదు."

గాయకులు అతన్ని దాటుకుంటూ వెళ్ళారు. ఒక నిర్మాత దణ్ణం పెట్టి మరీ దాటాడు, ఏదో సంఘం సమ్మె అనుకుని. మధ్యాహ్నం మనోజ ఇంకో డబ్బా పంపింది, "రాత్రికి కూడా అక్కడే అయితే ముందే చెప్పు, బియ్యం తక్కువ పోస్త" అన్న కబురుతో.

కమలాకర్ పంతం కూడా చిన్నదేం కాదు. ఒక పక్క వాణ్ణి గుమ్మంలో కూర్చోనిచ్చి, లోపల తలుపు వేసుకుని, సౌండ్ ఇంజనీరు పూజితతో పని మొదలుపెట్టాడు. ఇప్పుడు కంప్యూటరుకు పాత పాట ఇస్తే గొంతు వేరుగా, గిటారు వేరుగా, డబ్బా వేరుగా, బియ్యంలో రాళ్ళేరినట్టు విడదీసి పెడుతుంది. పూజిత పళ్ళేన్ని పక్కకు తీసింది. పాట పెట్టింది.

పల్లవి. చరణం. పైస్థాయి మాట. అక్కడ గొంతు పగిలింది. మామూలుగానా? కోడిపుంజు మెడ పట్టుకుంటే వచ్చే కూతా, సైకిలు ట్యూబులోంచి గాలి పోయే చప్పుడూ కలిపినట్టు, వినరాని కీచు.

"ఇదేమిటమ్మా?" అన్నాడు కమలాకర్.

"మీ గొంతే సర్."

"పళ్ళేనికి జడుసుకున్నాను కదా, అందుకు."

పూజిత ఇబ్బందిగా తెర మీద వేలు పెట్టింది. "పళ్ళెం తర్వాత పడింది సర్. ముందు గొంతు పోయింది. ఆ వెంటనే దాని మీద కొట్టారు. ఎంత వెంటనే అంటే, కింద ఏముందో ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడలేదు."

కమలాకర్ మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. అతనికి ఆ రోజుల్లో క్రికెట్టాడుతూ "క్యాచ్!" అని అరవబోతే గొంతు జారిపోయిందీ, పక్కనున్న ఓంప్రకాష్ వింతగా చూసిందీ గుర్తొచ్చాయి. మీసాలు మొలిచే వయసు. గొంతు మారుతోందని తనకు తెలియలేదు. తెలిసినవాడు ఆ పొద్దున పళ్ళెం తెచ్చి మోకాలి పక్కన కట్టుకున్నాడు. చెవి పిండించుకున్నాడు. ఆ కీచు ఎవరూ వెతక్కుండా తన తప్పును ఊరంతా చాటింపు వేసుకున్నాడు. ఇక ఆ నాన్న! వయొలిన్ చెవులు ఆయనవి. పక్కన ఇలాంటివాడుండాలన్నది వెటకారం కాదు. కొన్నాళ్ళు పాడకు అన్నది శిక్షా కాదు.

కమలాకర్ తలుపు తీసుకుని ఒక్క ఉరుకున బయటికి వచ్చాడు. ఓంప్రకాష్ చాప మీద పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"పగిలింది నా గొంతు కదరా!"

ఓంప్రకాష్ చెయ్యి అన్నంలోనే ఆగింది. ఒక్క క్షణమే. "ఏం గొంతు? నీ గొంతుకేమైంది? శుబ్బరంగుంది."

"నేను విన్నాను. పళ్ళెం తీసి విన్నాను."

"కంప్యూటర్లు అబద్దమాడ్తయ్."

"ఒరేయ్ ఓం! ఆ తప్పు నాదిరా."

అంతే, ఓంప్రకాష్ అన్నం పళ్ళెం పక్కకు నెట్టి లేచి నిలబడ్డాడు. "ఏందిరా నీ లెక్క? పాటలు నీవి, పేరు నీది, అవార్డులు నీవి. నేనేమన్న అడిగిన్నా? నాకున్నదే ఒక్క తప్పు. గది కూడా గుంజుకుంటవా? ఇయ్య! ఏం చేస్కుంటవో చేస్కో!"

కమలాకర్‌కు నవ్వు ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. చాప మీద కూలబడి వాడి పెరుగన్నంలోనే చెయ్యి పెట్టాడు. పాటను మాత్రం పళ్ళెంతో, బుచ్చమ్మ కేకతో, గోవింద భజనతో, ఉన్నదున్నట్టుగా ఛానల్‌కు పంపాడు.

కార్యక్రమం రోజు హాలు నిండింది. ముందు వరసలో కొత్త చొక్కాతో ఓంప్రకాష్, పక్కన మనోజ. పాట వేశారు. ఠంగుమనగానే హాలంతా ఘొల్లుమంది. ఓంప్రకాష్ లేచి నాలుగు దిక్కులా నమస్కారం పెట్టాడు.

యాంకరమ్మాయి వేదిక మీదున్న కమలాకర్‌కు మైకు అందించింది. "సర్, ఆ సౌండ్ గురించి చెప్పండి!"

కమలాకర్ ఈసారి నిజం చెప్పాలనే వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్ళూ మీ అందరికీ తప్పు చెప్పానండీ. ఆ రోజు నిజానికి ఏం జరిగిందంటే, పైస్థాయికి వెళ్ళేసరికి నా గొంతు..."

ఠంగ్!

ముందు వరసలో ఓంప్రకాష్ ఫోను. హాలు మళ్ళీ నవ్వుల్లో మునిగింది. ఓంప్రకాష్ చేతులెత్తి లేచాడు. "మాఫ్ చెయ్యుండ్రి, మాఫ్ చెయ్యుండ్రి! తప్పు నాదే!"

కమలాకర్ కళ్ళు అతని పక్కకు తిరిగాయి. మనోజ తన ఫోనును నెమ్మదిగా హ్యాండ్‌బ్యాగులోకి జారవిడిచి, జిప్పు లాగి, ఏమీ ఎరగనట్టు పైకప్పు దీపాలు చూస్తోంది.

కమలాకర్ మైకు మళ్ళీ ఎత్తాడు. "అవునండీ" అన్నాడు. "తప్పు వాడిదే."

ఓంప్రకాష్ కాలరు సర్దుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, తన ఆస్తి తనకు దక్కినవాడిలా.