ఎదురొచ్చిన లచ్చవ్వ

మా వీధి మూలన ఇస్త్రీ బండివాడు పొద్దున్నే బొగ్గులు రాజేస్తాడు. ఆ పొగ కిటికీలోంచి వచ్చినప్పుడల్లా నేను మళ్లీ పదహారేళ్ల పెళ్లికూతురినై, పెద్దపల్లి అవతల పొలాల మధ్య ఆగిపోయిన అద్దె కారులో కూర్చుంటాను. ఆ రోజు నిజంగా జరిగిందా, పెళ్లి నిద్రలేమిలో కలగన్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానమే. మాఘమాసపు మంచు, ఒళ్లో ఒడిబియ్యం, చీర నిండా పసుపు వాసన. అప్పగింతల్లో ఏడ్చి ఏడ్చి కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

గేటు లేని బండ్ల దారి అది. సరిగ్గా రైలు పట్టాల మీదికి ఎక్కి కారు ఆగిపోయింది. మా ఆయన, డ్రైవరు దిగి నెట్టసాగారు. నేనూ దిగబోతే, పక్కనున్న మా ఆయన మేనత్త మోచెయ్యి పట్టుకుంది. అత్తగారి గడప తొక్కేదాకా పెళ్లికూతురి కాలు నేల మీద పడకూడదట. నేను బుద్ధిమంతురాలిని, ఆగాను. బుద్ధంటే అదేననుకునే వయసు.

అప్పుడొచ్చింది, పక్క పొలంలో నాట్లేస్తున్న లచ్చవ్వ, మోకాళ్ల దాకా నాటుమడి బురదతో. తలుపు తీసి నా చెయ్యి పట్టి లాగింది.

"దిగు బిడ్డా, రైలొస్తుంది. కారు పోతే పోనీ."

మేనత్త తిడుతూనే నా వెనక దిగింది. మగవాళ్లనూ లచ్చవ్వే కసిరి పక్కకు తరిమింది. మేం పొలం గట్టు చేరామో లేదో, మంచులోంచి బొగ్గు పొగ కక్కుతూ ప్యాసింజరు బండి వచ్చి కారును ఈడ్చుకుపోయింది. ఆ చప్పుడు నాకు గుర్తు లేదు. జారిపడిన నా బాసింగం మడినీళ్లలో తేలడం గుర్తుంది. ఎంతో దూరాన ఆగిన బండి నుంచి ఇంజను డ్రైవరు నడిచొచ్చి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరనగానే పట్టాల మీదే కూలబడి ఏడ్చాడు.

ఊపిరి కుదుటపడ్డాక మేనత్త లచ్చవ్వ నుదురు చూసింది. బొట్టు లేదు.

"గీమె ఎదురొచ్చింది. గందుకే గిట్లయింది" అంది.

లచ్చవ్వ మడిలోకి వెళ్లిపోయింది. ప్రాణం నిలబెట్టిన మనిషిని అంత మాట అంటుంటే నేను నోరు తెరవలేదు. ఆ సిగ్గు నన్ను చాలా ఏళ్లు తినేసింది.

ఆమెది మా అత్తగారి ఊరే. తర్వాత ఎన్నో కార్తెలు ఆమె పక్కనే వంగి కలుపు తీశాను. ఒకనాడు, ఆ మంచులో రైలు అందరికంటే ముందు నీకెట్లా కనబడిందని అడిగాను.

"పెండ్లి కారు అవుపడంగనే, ఎదురు రావద్దని గట్టు చాటుకు పోయి అటు మొకం తిప్పి కూసున్న. అటే రైలు వస్తుండె."

మరి నా ముందుకు రావడానికి భయం కాలేదా అన్నాను.

"అయింది బిడ్డా. గని నేను దాసుకుంటే నువ్వు సస్తవు గదా."

మా అమ్మాయి అప్పగింతల నాడు, కారు కదలబోతుంటే ఆపి, లచ్చవ్వను ఎదురు రమ్మన్నాను. ఊరంతా గుసగుసలాడింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ మెల్లగా నడిచొచ్చింది. పట్టాలకాడ దిగి నడవమని మాత్రం పిల్లకు చెప్పింది.

ఇప్పుడు లచ్చవ్వ లేదు. మా ఆయనా లేడు. నిన్న ఎదురింటి పెళ్లికూతురు కారెక్కుతుంటే, ఎవరో నన్ను లోపలికి పొమ్మని సైగ చేశారు. నేను చెప్పులేసుకుని ఎదురు నడిచాను.