పదిహేనో కాగితం

పొద్దున ఏడున్నరకు సికింద్రాబాద్‌లో బండెక్కేటప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, ఒక ఉత్తరం ఉన్నాయి. ఆ ఉత్తరం చేతికిచ్చి రావడానికే ఈ ప్రయాణం.

అడవి మొక్కల మీదా, వాటితో బతికే మనుషుల మీదా పరిశోధన చేసేవాళ్లకు దేశమంతటికీ కలిపి మాకొక పరిషత్తు ఉంది. చోటు చోటునా దానికి శాఖలున్నాయి. బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఆ శాఖల వ్యవహారాలు చూసే పని నా నెత్తిన పడింది. ఏ శాఖ నుంచైనా వరసగా మూడేళ్లు వార్షిక సభకు ఒక్క వ్యాసమూ రాకపోతే దాన్ని పక్క శాఖలో కలిపేయాలని నియమం. ఆ నియమం రాసింది నేనే, రాసినప్పుడు చాలా ముచ్చట పడ్డాను కూడా. భద్రాచలం శాఖ నాలుగేళ్లుగా ఒక్క వ్యాసం పంపలేదు. మూడు నాలుగు నెలలకోసారి నివేదిక మాత్రం ఠంచనుగా వచ్చేది. అందులో ఎప్పుడూ ఒకటే మాట: "ఒక వ్యాసం వినికిడి జరిగినది. ఆపడమైనది." ఈ వినికిడి ఏమిటో, ఆపడం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. "ఫోన్లో అయ్యేది కాదు, నువ్వే వెళ్లి ఉత్తరం ఇచ్చి రా" అన్నారు మా అధ్యక్షులు.

రైల్లో నా ఎదురుగా మధిరలో బట్టల దుకాణం నడిపే ఒకాయన కూర్చున్నాడు. మహబూబాబాద్ దాటాక సంచిలోంచి చెగోడీలు తీసి నాకూ పెట్టాడు.

"భద్రాచలం అంటే దర్శనానికేనాండీ?"

"కాదు, ఒక సంఘం పని మీద."

"సంఘం పనయినా ముందు దర్శనం చేసుకోండి. పని దానంతటదే అయితది."

నా పని ఒక శాఖను మూసేయడమని ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. చెగోడీలు మాత్రం బాగున్నాయి, రెండోసారి కూడా తీసుకున్నాను.

పదకొండుకు ఖమ్మంలో దిగాను. స్టేషన్ నుంచి కొత్త బస్టాండుకు ఆటో తప్పదు. పదకొండు నలభైకి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్లయితే ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకోండి, కండక్టర్ డబ్బు తీసుకోకుండా సున్నా టికెట్టు కొట్టి ఇస్తుంది. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే ఎండ తప్పుతుంది. వైరాలో ఒకామె చేపల గంపతో ఎక్కింది. "మనిషికి ఫ్రీ గానీ చేపలకు కాదు" అంది కండక్టర్. "గవి కూడ ఆడయే, చూసుకో పో" అందామె. బస్సంతా నవ్వింది, కండక్టర్ కూడా నవ్వి గంపను కాళ్ల దగ్గర సర్దింది.

జూలూరుపాడు దాటితే పత్తిచేలు తగ్గి టేకు చెట్లు మొదలవుతాయి. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగితే బస్టాండు క్యాంటీన్లో పెరుగన్నం తిన్నాను. వేడిగా ఏదైనా కావాలంటే పాల్వంచ దాకా ఓపిక పట్టడం మేలు. నాలుగు కావస్తుండగా గోదావరి వంతెన దాటాం. శాఖ కార్యదర్శి నర్సయ్య సారు బస్టాండులో స్కూటరుతో నిలబడి ఉన్నారు. ఆయన ఇక్కడి జూనియర్ కాలేజీలోనే మొక్కల పాఠం చెప్పి రిటైరయ్యారు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులు.

"లాడ్జి తర్వాత చూద్దాం మేడం, ముందు ఇంటికొచ్చి చాయ తాగుండ్రి" అన్నారు.

శాఖ కార్యాలయమంటే ఆయన ఇంటి ముందుగది. అందులో ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. వ్యాసాలేవీ అని అడగ్గానే మూత తీసి చూపించారు. శుభ్రంగా టైపు చేసి కుట్టిన పదమూడు వ్యాసాలు. ఒక్కోదానికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. "తేనె పట్లు. ఊరోళ్లు వద్దన్నరు." "మందు వేరు. చెప్పినామె చనిపోయింది, బిడ్డ వచ్చినంక అడగాలె." "ఇప్పపువ్వు. రెండు తప్పులున్నయి, దిద్దాలె." అన్నీ ఇలాంటివే.

అప్పుడు బోధపడింది. ఈ శాఖవాళ్లకొక ఆనవాయితీ ఉంది. ఏ ఊళ్లో అడిగి రాశారో ఆ ఊళ్లో కూర్చుని వ్యాసం మొత్తం గట్టిగా చదివి వినిపిస్తారు. వినికిడంటే అదే. తప్పుంటే వాళ్లు దిద్దుతారు, వద్దంటే అది ట్రంకులోకి పోతుంది. ఆ ఊరివాళ్లు సరేననేదాకా బయటికి రాదు.

"ఇందులో నాలుగైనా మా సభలో బ్రహ్మాండంగా నిలబడతాయి సారూ! ఒక్కటి పంపినా మీ శాఖ బతుకుతుంది" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది నాకు. ఇంత పని చేసి మూత పెట్టుకుని కూర్చోవడమేమిటి?

"వాళ్లు వద్దన్నంక ఎట్ల పంపుతం మేడం?" అన్నారాయన.

ఇక నాన్చి లాభం లేదని ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మొహం కాస్త వాడింది. ఇరవై ఏళ్ల శాఖ మరి, ఆయన ఊరూరూ తిరిగి కూడగట్టింది. కాసేపటికి ఉత్తరం మడిచి అన్నారు: "ఇది మా గురించి రాసిన కాగితమే గదా. దీనికి గూడ వినికిడి కావాలె. రేపెట్లాగూ సమ్మక్క వ్యాసం చదువుతున్నం, మీరూ రాండ్రి."

సమ్మక్క ఆయన శిష్యురాలు, ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు, శాఖలో అందరికన్నా చిన్నది. తన సొంత ఊరివాళ్లు అడవిలో తవ్వే ఒక గడ్డ మీద ఏడాదిన్నర తిరిగి వ్యాసం రాసింది. ఊరు ఒప్పుకుంటే అది వార్షిక సభకు వస్తుంది, శాఖ నిలుస్తుంది. ఆ రాత్రి లాడ్జిలో పడుకునేటప్పుడు ఊరు ఒప్పుకోవాలని నేనే కోరుకున్నాను.

మర్నాడు ఏడింటికి ముగ్గురం బస్సెక్కాం. భద్రాచలం నుంచి బయల్దేరి గంటలోపే దిగి, అక్కడి నుంచి నడిచాం. ఏ రోడ్డు అన్నది ఇప్పుడే అడగకండి. సమ్మక్క దారంతా ఫైలు గుండెకు ఆనించుకుని నడిచింది.

తొమ్మిదిన్నరకు ఒక ఇంటి పందిరి కింద ముప్పై మంది దాకా చేరారు. ముందు వరసలో ముత్తమ్మ కూర్చుంది. సమ్మక్కకు అవ్వ వరస, ఆ గడ్డ తవ్వడంలో ఊరికామె మాటే మాట. సమ్మక్క ఒక్కో పేరా తెలుగులో చదివి కోయ భాషలో చెప్పింది. గడ్డ తవ్వాక తీగ మొదలు గుప్పెడు గడ్డతో అట్లాగే వదిలి మన్ను కప్పుతారని చదివితే అందరూ తలలూపారు. చేదు పోవడానికి ముక్కలు కోసి ఒక రాత్రి నీళ్లలో నానబెడతారన్న చోట ముత్తమ్మ చెయ్యెత్తింది.

"ఒక్క రాత్రి అని ఎవరు చెప్పిన్రు నీకు?"

సమ్మక్క తలొంచుకుంది. "అది మన ఊర్ల అడిగింది కాదవ్వా. ఈ మేడం రాసిన వ్యాసంలకెళ్లి తీసుకున్న."

ముప్పై జతల కళ్లు నా మీదికి తిరిగాయి. ముప్పయ్యేళ్ల కిందట అశ్వారావుపేట వైపు, ఇప్పుడు పామాయిల్ తోటలున్న చోట, ఒక్క పూట తిరిగి ఎవరో చెప్పింది గబగబా రాసుకుని బస్సెక్కేశాను. మళ్లీ వెళ్లి చదివి వినిపించాలని నాకెన్నడూ తోచలేదు. అది అచ్చయింది, పరిషత్తు బహుమతి కూడా ఇచ్చింది.

"ఒక్క రాత్రి నానబెట్టి తింటే వాంతులు పట్టుకుని దవాఖానకు పోతరు" అంది ముత్తమ్మ. "రెండు రాత్రులు, గదీ పారే నీళ్లల్ల. నువ్వు తిన్నవా?"

"లేదమ్మా."

"తినకుంటనే రాసినవా?"

పందిరంతా గొల్లుమంది. నాకు సిగ్గేసింది. నవ్వినవాళ్లలో ఒక్కరి మొహంలోనూ వెక్కిరింత లేదు, అందువల్ల ఇంకా సిగ్గేసింది.

సమ్మక్క అక్కడికక్కడే దిద్దుకుని చివరిదాకా చదివింది. పంపొచ్చా అని అడిగింది. పెద్దవాళ్లు కోయలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ముత్తమ్మ తెలుగులోనే చెప్పింది, నాకూ తెలియాలని కాబోలు. "మంచిగ రాసినవు బిడ్డా. గానీ ఏ గుట్ట మీద దొరుకుతదో గూడ రాసినవు. అది తీసేసినా గడ్డ పేరు పట్టుకుని వెతుక్కుంట వస్తరు. పోయిన సారి ఒక వేరు ముచ్చట పేపర్ల పడ్డది. ఏడాది తిరగకముందే వ్యాన్లు వచ్చినయి, మొదలుతో సహా పెరికిన్రు. ఇప్పుడా వేరు మాకే లేదు. ఆపు."

సమ్మక్క కళ్లు నిండాయి. అయినా "అవ్, సరే అవ్వా" అని అట్టముక్క కట్టింది. నర్సయ్య సారు ఆమె భుజం తట్టి, లేచి నా ఉత్తరం విప్పారు. వినికిడంటే వినికిడే, ఒక్క అక్షరం వదల్లేదు. ఈ శాఖ కొన్నేళ్లుగా ఏ పనీ చేయలేదన్న వాక్యం దగ్గర ముత్తమ్మ మళ్లీ చెయ్యెత్తింది.

"పనిచేయలే అని ఎవరు రాసిన్రు?"

"నేనే" అన్నాను.

"మరి ఇప్పుడు జరిగిందేంది?"

జరిగింది పనేనని ఒప్పుకున్నాను. "ఇదీ తప్పే గదా. ఆపు" అందామె. నర్సయ్య సారు నవ్వకుండా నా ఉత్తరానికీ ఒక అట్టముక్క కట్టారు. అలా సమ్మక్క వ్యాసం పద్నాలుగోదీ, నా ఉత్తరం పదిహేనోదీ అయ్యాయి. భోజనంలో ముత్తమ్మ ఆ గడ్డ ముక్కలు ఉప్పు వేసి పెట్టింది. రెండు రాత్రులు నానినవి. మెత్తగా, కాస్త మట్టి వాసనతో ఉన్నాయి. "ఇప్పుడు రాయి" అంది. నేను సిగ్గు విడిచి ఇంకొంచెం వడ్డించుకున్నాను.

మూడు గంటలకు భద్రాచలంలో తిరుగు బస్సెక్కాను. కొత్తగూడెం వచ్చేలోగా ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని కొత్త నివేదిక రాశాను. ఆ శాఖలో ఆగిన వ్యాసాలు పద్నాలుగున్నాయని, వినికిడి జరిగిన ప్రతి వ్యాసాన్నీ, ఆగినా సరే, శాఖ చేసిన పనిగానే లెక్కించేలా నియమం మార్చాలని, నా పాత వ్యాసంలో తప్పుందని, దాన్ని నేనే సవరించి అచ్చు వేయిస్తానని. ఫోన్లో ఫొటో తీసి అధ్యక్షులకు పంపబోయి ఆగాను. ఇదీ ఆ ఊరి గురించి రాసిన కాగితమే.

కొత్తగూడెంలో దిగిపోయి, ఆ పూట తన ఊళ్లోనే ఉండిపోయిన సమ్మక్కకు ఫోన్ చేశాను. సిగ్నల్ సరిగ్గా అందే చోటికి ముత్తమ్మను తీసుకురావడానికి గంట పట్టింది. ఈలోగా ఖమ్మం బస్సులు రెండు నా కళ్ల ముందే వెళ్లిపోయాయి. బస్టాండు గోడకు ఆనుకుని, పక్కన పల్లీలమ్మే ఆమె నోరు తెరుచుకుని వింటుండగా, నివేదికంతా గట్టిగా చదివాను.

"అంతా మంచిగనే ఉన్నది" అంది ముత్తమ్మ. "ఊరి పేరు తీసెయ్. గడ్డ పేరు తీసెయ్. ఎటు దిక్కు పోవాల్నో అది గూడ."

తీసేశాను. మళ్లీ చదివాను. అప్పుడు "పంపు" అంది. జీవితంలో నా రాతకు ఇంత గట్టి పరీక్ష పెట్టినవాళ్లు లేరు, పాసయినందుకు ఇంత సంతోషించిందీ లేదు.

ఖమ్మంలో రైలు కోసం చూస్తుండగా అధ్యక్షుల ఫోన్ వచ్చింది. "ఉత్తరం ఇచ్చావా?" అన్నారు. "ఇచ్చానండీ. ఆపేశారు" అన్నాను. ఆయన ఏదో పైకి చదవడం వినిపించింది. నివేదిక మళ్లీ చదువుతున్నారని తెలిసింది. "సరే, నియమం మార్పు వచ్చే సమావేశంలో పెడదాం. అప్పటిదాకా ఆ శాఖ జోలికి పోవద్దు" అన్నారు.

బండి గంట ఆలస్యంగా వచ్చింది, నాకేమీ విసుగనిపించలేదు. ఈ రాతను కూడా నిన్న ఫోన్లో ముత్తమ్మకు చదివి వినిపించాను. ఏ బండి ఎన్నింటికో, కిటికీ ఎటువైపు పట్టుకోవాలో అన్నీ చెప్పి ఆ ఊరి దారి మాత్రం చెప్పలేదని మీరు కోప్పడతారేమోనన్నాను. "భద్రాచలం దాకా రానియ్" అంది. అక్కడిదాకా దారి చెప్పాను కదా, వెళ్లి రండి.