రెండో డిపోతో పద్దెనిమిదేళ్ల గొడవ

ఆ పార్శిల్ కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె తిరుగుటపా అక్క. దారితప్పి వచ్చిన పార్శిళ్లను పట్టుకుని, అవి చేరాల్సిన చోటికి తిప్పి పంపడం ఆమె పని. ఊరికి తూర్పున ఒకటో డిపో, పడమరన రెండో డిపో. తూర్పు వీధుల మూటలు పడమటి లారీ ఎక్కేసేవి, పడమటి పెట్టెలు తూర్పుకొచ్చి తిష్ఠవేసేవి. అక్క ఒకటో డిపోలో కూర్చునేది. రెండో డిపోలో ఇదే పనికి ఒక గుమస్తా ఉండేవాడు. ఇద్దరికీ మధ్య ఒక ఫోను. ఆ తీగ ఇన్నేళ్లూ కాలిపోకుండా ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

పద్దెనిమిదేళ్లు. రోజుకి నాలుగుసార్లకు తగ్గకుండా పోట్లాడుకున్నారు. ఒకరి ముఖం ఒకరు మాత్రం ఎన్నడూ చూసుకోలేదు.

"హలో, ఒకటో డిపోనా? మేం పంపిన కుర్చీ ఒకటి మీ దగ్గర ఉండిపోయింది."

"మా దగ్గరేం లేదండీ. మీరే ఎక్కించలేదు."

"మేం ఎక్కించామండీ. మీకే దించుకోవడం రాలేదు."

"దించుకోవడం రాకపోతే పొద్దున మీరు పంపిన మూడు తప్పుడు పెట్టెలు వాటంతటవే నడిచొచ్చాయాండీ?"

ఎంత తిట్టుకున్నా "అండీ" మాత్రం తప్పేది కాదు. మర్యాద మర్యాదే, కక్ష కక్షే. ఆయన తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. ఈవిడ ఆ మూడు కాళ్లు కూడా ఒప్పుకునే రకం కాదు. ముందు "మా దగ్గర లేదు" అనేయడం, ఆ తర్వాత తీరిగ్గా వెతకడం ఆమె పద్ధతి.

ఇంట్లో అత్తగారికి ఈ గొడవ రోజూ వచ్చే సీరియల్. కోడలు చెప్పులు విప్పకముందే, "ఏమన్నాడే ఇవాళ ఆ రెండో డిపో?" అని అడిగేది. కోడలు రెండు గొంతులతో వినిపించేది. అత్తగారు తీర్పు చెప్పేది. పదిట్లో ఆరుసార్లు న్యాయం ఆయన పక్షానే ఉండేది.

"మీ కోడల్ని నేనా, ఆయనా?"

"న్యాయం దగ్గర కోడలేంటే? కాళ్లు కడుక్కునిరా."

అక్క మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. జనమంతా ఫోనులోనే టైము చూసుకోవడం మొదలుపెట్టాక అతని కొట్లో బేరాల కన్నా ఈగలే ఎక్కువయ్యాయి. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

అలాంటి జీతానికి ఎసరొచ్చింది. రెండు డిపోలూ మూసేసి, ఊరి బయట పెద్దరోడ్డు పక్కన ఒకటే పెద్ద షెడ్డు పెడుతున్నామని కంపెనీ నోటీసు అంటించింది. అరవైమందిలో పాతికమందికి ఇంటిదారి. దారితప్పిన పార్శిళ్లకు ఒక్క మనిషి చాలన్నారు. ఇద్దరూ నెల్లాళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేయాలి, ఎవరి తప్పులు తక్కువైతే వాళ్లకు ఉద్యోగం.

"ఒక ఒరలో రెండు కత్తులా?" అన్నాడు మొగుడు.

"కత్తిని నేనొక్కదాన్నే. ఆయన తుప్పుపట్టిన బ్లేడు," అంది అక్క. గొంతులో ధైర్యం ఉంది గానీ, ఆ పూట అన్నం సగంలోనే వదిలేసింది.

పాత డిపో ఖాళీ చేసేరోజున హమాలీలు ఇనప బీరువా పక్కకు జరిపారు. దాని వెనక నిలువుగా ఒక తివాచీ చుట్ట నిలబడి ఉంది. దుమ్ము దులిపి నంబరు చూసేసరికి అక్క గుండెల్లో రాయి పడింది. పదకొండేళ్ల కిందట పోయిన తివాచీ అది! "మేం పంపేశాం, రెండో డిపోయే పోగొట్టింది" అని అప్పట్లో తానే రాసిచ్చింది. దాంతో ఆయనకు రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. ఆ రోజు అత్తగారు కూడా కోడలి పక్షానే తీర్పిచ్చింది. అక్క అలవాటు చొప్పున ముందు లేదనేసింది, ఆ ఒక్కసారి తర్వాత వెతకడం మర్చిపోయింది.

"ఏంటక్కా అది?" అన్నాడొక హమాలీ.

"పరదా," అంది అక్క. దుప్పటి చుట్టి తన సామాన్లతో పాటు లారీ ఎక్కించేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

కొత్త షెడ్డులో మొదటిరోజు. బస్సులో వస్తూ అక్క అయిదు తిట్లు కంఠస్థం చేసింది. ఫోనులో ఉరిమే ఆ గొంతును బట్టి ఆజానుబాహువు ఎవరో ఉంటాడనుకుంది. తీరా చూస్తే స్వెట్టరు బొత్తాలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకున్న పిట్టంత మనిషి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి."

"పర్లేదు, మీరు కూర్చోండి."

అంతే. మధ్యాహ్నం దాకా మరో మాట లేదు. ముఖం చూస్తూ "తప్పు మీదే" అనడం ఇద్దరివల్లా కాలేదు. పార్శిళ్లు బల్ల చుట్టూ నడుం ఎత్తున పేరుకుపోయాయి. చివరికి ఆయన లేచి ఒక స్తంభం వెనక్కి వెళ్లాడు. అక్క బల్ల మీది ఫోను మోగింది.

"హలో, ఒకటో డిపోనా?"

అక్కకు ప్రాణం లేచొచ్చింది. "చెప్పండి, రెండో డిపో."

"నీలం పెట్టె మీ వైపు ఉండాలి. దాచేశారా?"

"మీ కుర్చీ కిందే ఉందండీ. కళ్లజోడు తుడుచుకుని చూడండి!"

గంటలో కుప్ప కరిగిపోయింది. మర్నాటినుంచి ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ వీపులు తిప్పుకుని కూర్చుని, ఫోనుల్లో పోట్లాడుకుంటూ పని కానిచ్చారు. హమాలీలు టీ గ్లాసులతో వచ్చి వేడుక చూసేవారు. పని మాత్రం ఎన్నడూ అంత చక్కగా సాగలేదు.

మూడోవారంలో ఒకరోజు, అక్క మంచి ఊపు మీద ఉండగా ఆయన ఫోనులో అడ్డొచ్చాడు. "మీ టీ చల్లారిపోతోందండీ. తాగి తిట్టండి."

అక్క గ్లాసు పక్కకు నెట్టేసింది. ఇంటికెళ్లి అత్తగారి ముందు తివాచీ సంగతంతా కక్కేసింది.

"ఆయనకి చెప్పెయ్యకపోయావా?"

"చెబితే ఉద్యోగం పోతుందత్తయ్యా."

అత్తగారు తన జీవితంలో మొదటిసారి తీర్పు చెప్పకుండా లేచి వెళ్లిపోయింది.

ఆఖరిరోజున మేనేజరు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. మేనేజరు నోరు విప్పకముందే అక్క అందుకుంది. "సార్, పదకొండేళ్ల కిందటి తివాచీ పోలేదు. మా బీరువా వెనకే దొరికింది. తప్పు నాది. ఈయన ప్రమోషన్ అన్యాయంగా ఆపేశారు." అనేశాక ఒళ్లంతా తేలికైంది.

గుమస్తా ఉలిక్కిపడ్డాడు. "కాదు సార్. అది నాకు అందింది. నేనే పోగొట్టాను."

"మా బీరువా వెనకుంటే మీకెలా అందుతుందండీ?"

"అది వేరే తివాచీ అయ్యుంటుందండీ."

"నంబరు చూశానండీ!"

"మీరు నంబరు సరిగా చూసిందెప్పుడు?"

"తప్పు నాదేనంటుంటే వినరేం?"

"మీదెలా అవుతుంది? ముమ్మాటికీ నాదే!"

మేనేజరు బల్ల గుద్దాడు. "ఆపండి! ఉద్యోగం ఉండేవాళ్ల జాబితా హెడ్డాఫీసునుంచి మొదటివారంలోనే వచ్చేసింది. సర్వీసు ప్రకారం రాశారు. అమ్మా, మీరు నాలుగు నెలలు సీనియరు. మీరుంటారు. ఈయన వెళ్లాలి."

"మరి ఈ నెల్లాళ్లూ తప్పులు లెక్కపెట్టిందెందుకు?"

"పని ఆగకూడదు కదమ్మా," అన్నాడు మేనేజరు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

గుమస్తా ముందుకు వంగి, బల్ల మీది తొలగింపు కాగితం చదవకుండానే సంతకం పెట్టేశాడు. అది చూసి అక్కకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం నిలబడినందుకు సంతోషించాల్సింది పోయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అట్టపెట్టె మీద గీత పడితే గంటసేపు వాదిస్తారే! ఇన్నేళ్లలో దేన్నీ ఒప్పుకోని మనిషి ఒప్పుకోవడానికి ఇదొక్కటే దొరికిందా?"

"అవతల ఉన్నది మీరు కాదు కదండీ," అన్నాడాయన. "హెడ్డాఫీసు వాళ్లకి నా గొంతు కూడా తెలీదు. వాళ్లతో ఏమని వాదించను?"

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. మేనేజరు ఫోను తనవైపు తిప్పుకుని నంబరు నొక్కింది. మేనేజరు వద్దనబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"హలో, హెడ్డాఫీసా? ఒకటో డిపోనుంచి మాట్లాడుతున్నాను. మీరొక కాగితం తప్పుగా పంపించారండీ."

తాము పంపింది సరిగానే ఉందని అవతల ఎవరో అన్నారు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.