గాడి పూడ్చిన స్తంభం

మా వీధి మొదట్లో ఉన్న నాలుగుకాళ్ళ మండపాన్ని బాగుచేయించినందుకు నేను సంతోషపడాలని అందరూ నాకు చెప్తున్నారు. హన్మకొండ నుంచి వచ్చిన చుట్టాలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగి, "మీ కాశిబుగ్గ మస్తు మారింది" అంటారు. మారింది. నా ఒళ్ళు మండేది అందుకే.

నిజానికి అదేమంత పెద్ద కట్టడం కాదు. నాలుగు రాతి స్తంభాలు, పైన రాతి కప్పు. ఎవరు కట్టించారో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఖిలా వరంగల్‌లో ఉన్న రాయీ ఈ రాయీ ఒకటేనని మా కాక ఎవరితోనైనా వాదన పెట్టుకునేవాడు. కాక అంటే మా నాయన తమ్ముడు. మా వీధిలో ఇంకా గుంట మగ్గం మీద తువ్వాళ్ళు, దుప్పట్లు నేసే కొద్దిమందిలో ఒకడు. మొండివాడు. తన మాటే నెగ్గాలంటాడు, నెగ్గాక అది తప్పని తేలితే మాత్రం చెవులు వినబడనట్టు కూర్చుంటాడు. ఆయన్ని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉంటాను నేను. బడిలో పాఠాలు చెప్తాను.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే బట్ట నిలువు పోగులను, వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. గంజి సరిగ్గా పట్టకపోతే నేస్తున్నంతసేపూ పోగులు తెగుతూనే ఉంటాయి. మా ఇంటి అరుగు పక్కన పాతిన ఇనుప గుంజకు ఒక కొస, మండపం స్తంభానికి రెండో కొస. వీధిలో సిమెంటు రోడ్డు వేశాక ఇంకో గుంజ పాతుకోవడానికి ఎక్కడా జాగా లేకుండా పోయింది. కరెంటు స్తంభానికి కట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఉన్నది ఆ రాతి స్తంభం ఒక్కటే. తరతరాలుగా తాడు ఒరుసుకుని దానికి నడుము ఎత్తులో ఒక గాడి పడింది. చిన్నప్పుడు నేను అందులో బొటనవేలు పెట్టి నున్నగా ఉందని రుద్దుతూ నిలబడేదాన్ని. పెద్దయ్యాక కూడా పొద్దున బడికి పోయేముందు కాకతో పాటు ఒక పక్క కుంచె పట్టేదాన్ని. గంజి వాసన చేతులకు అంటుకునే బడికి పోయేదాన్ని, పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు.

పైకప్పు మీద రావిమొక్కలు మొలిచి రాళ్ళు కదులుతున్నాయని, బాగుచేయించమని ఆఫీసుల చుట్టూ తిరిగింది కాకే. ఇది ఎవరూ మర్చిపోకూడదు. ఆయన మోకాళ్ళు నొప్పులని మూలుగుతూనే తిరిగాడు. చివరికి నిధులు మంజూరయ్యాయని, ఇంజినీర్లు, పెద్దసార్లు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వీధంతా పెళ్ళి సందడి.

ఆ పొద్దున కాక, ఎదురింటి వాళ్ళు కలిసి కట్టి ఉన్న పడుగులన్నీ విప్పించారు. ఆరని పడుగును కూడా చుట్టి లోపల పెట్టించారు. ఊడ్చి, చల్లి, మండపం ముందర ముగ్గులు వేయించారు. ఎందుకో మా వాళ్ళకు చెప్పక్కరలేదు. కట్టి ఉన్న పడుగును ఎవరూ దాటకూడదు. వంగి కిందినుంచి పోవాలి, లేకపోతే చుట్టు తిరిగి పోవాలి. కోడలు పిల్లయినా, మేకపిల్లయినా అంతే.

"కాకా, ఉండనీ. చూడనీ వాళ్ళను. పడుగు చూస్తెనే గదా ఇది మనకెందుకు కావాల్నో ఎరుకైతది" అన్నాను.

"పెద్దపెద్దోళ్ళు వస్తాండ్రు. వంగి పొమ్మంటమా? బూట్లతోని దాటిపోతే మనకు మంచిగుంటదా?"

"చెప్తె చుట్టు తిరిగిపోతరు."

"నువ్వు బడిల పిల్లలకు జెప్పు. నాకు గాదు."

సార్లు వచ్చారు. మర్యాదస్తులే, కాదనను. చెప్పులు విప్పి మరీ మండపం ఎక్కారు. ఒకాయన ఆ గాడిని వేలితో తడిమి, "అయ్యో, బాగా అరిగిపోయింది" అన్నాడు. ఇంకొకాయన కాక వైపు తిరిగి, "ఇప్పుడు దీన్ని దేనికన్నా వాడ్తున్నరా పెద్దాయనా?" అని అడిగాడు.

మా కాక చేతులు కట్టుకుని, "ఏం లేదు సార్. ఉత్తగనే ఉంటది" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. కాక చూసిన చూపుకు మూసుకున్నాను. వాడుతున్నామంటే పాడుచేస్తున్నామని అనుకుంటారని ఆయన భయం. నిధులు వెనక్కి పోతాయని భయం. అడగని ప్రశ్నకు జవాబు ఊహించుకుని, అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పడం మా వీధి మొత్తానికి ఉన్న జబ్బు.

పని మొదలయ్యాక మేము చూస్తూనే ఉన్నాం. కప్పు సరిచేశారు, దానికి దండం పెట్టుకోవాలి. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! డబ్బు ఇంకా మిగిలిందేమో, స్తంభాలను మిషన్‌తో గీకి తెల్లగా చేశారు. పగుళ్ళతో పాటు గాడిని కూడా సిమెంటుతో పూడ్చి, రాయి రంగు పూసి, పైనుంచి అద్దంలా మెరిసే పూత కొట్టారు. చుట్టూ స్టీలు రెయిలింగు, దానికొక గేటు, గేటుకొక తాళం. రాత్రయితే రంగురంగుల లైట్లు. మా ముందుగదిలో గోడమీద ఆకుపచ్చ, ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ. కాకకు నిద్ర పట్టక కిటికీకి దుప్పటి కట్టుకున్నాడు. గేటు పక్కన పెద్ద బోర్డు పెట్టారు. "పురాతన కట్టడం. తాకరాదు."

తాకకుండా ఉండుంటే అది ఎప్పుడో పాడుబడేది. రోజూ తాకేవాళ్ళు ఉన్నారు కాబట్టే నిలబడింది. ఇది బడిలో చెప్పే మాట కాదు, వీధిలో అందరికీ తెలిసిన మాట. కానీ ఓపెనింగ్ రోజు శాలువాలు కప్పుతుంటే ఎవరూ అనలేదు. మా కాక కూడా ఒక శాలువా కప్పించుకుని ఫొటో దిగాడు.

అప్పటికే మగ్గం ఖాళీ పడి చాలా రోజులైంది. కొత్త పడుగు ఇంట్లో చుట్ట చుట్టి ఉంది. వాచ్‌మన్ మా వీధివాడే, కాకను అన్నా అని పిలుస్తాడు. "తెల్లారకముందుకే తాళం తీస్త అన్నా, జర జల్దీ కానీయ్" అన్నాడు. మేం అలాగే పోయాం. కాక గేటు లోపలికి పోయి పాత తాడునే పాత ఎత్తులోనే స్తంభానికి చుట్టి ముడి వేశాడు. పడుగు లాగాం. గంజి పట్టించాం. తెల్లవారుతుంటే తడి పోగుల మీద వెలుతురు పడి ఎంత ముచ్చటగా ఉందో! ఎన్నాళ్ళకో చూసేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కుంచెతో దువ్వుతూ సగందాకా వచ్చామో లేదో, బిగువుకు తాడు ఆ నున్నటి పూత మీద సర్రున కిందికి జారింది. పడుగంతా ఒక్కసారి వదులై, తడి తడిగా రోడ్డు మీద పడింది. మట్టి, ఇసుక, మోరీ పక్కన నీళ్ళు. గంజి పోగులకు ఏది తగిలితే అది అంటుకుంటుంది. పైకెత్తితే చిక్కులు పడి ఉండలు ఉండలుగా వచ్చింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. కాక మాత్రం ముందు తాడు విప్పి చుట్టుకున్నాడు.

"జారింది" అన్నాడు. అంతే.

ఇద్దరం కలిసి ఆఫీసుకు పోయాం. అప్పుడు గాడిని తడిమిన సారే ఉన్నాడు. పడుగు సంగతంతా ఆయనకు చెప్పుకున్నాం. కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, "మీరే గదా ఉత్తగ ఉంటదన్నరు పెద్దాయనా?" అన్నాడు. ఎకసెక్కంగా కాదు, నిజంగానే తెలియక. నాకు ఆయన మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. బయటికొచ్చాక వరండాలోనే కాక మీద అరిచాను. ఆయన చెవులు వినబడనట్టు మెట్లు దిగాడు.

అప్పటినుంచి ఆయన మగ్గం గుంటలోకి దిగలేదు. మోకాళ్ళు అంటాడు.

మేం చెప్పుకున్న మాట మాత్రం వృథా పోలేదట. ఇక్కడ పడుగులు కట్టేవాళ్ళని సార్లకు తెలిసింది కదా! మళ్ళీ నిధులొచ్చాయి. మండపం దగ్గర పడుగు కుంచెతో దువ్వుతున్న నేతన్న, నేతమ్మ బొమ్మలు పెడుతున్నారు. సిమెంటువి, నిలువెత్తువి. మొన్న బడికి పోతూ చూశాను. బొమ్మల పడుగుకు కట్టిన తాడు పూత మీద నిలవడం లేదని, మిషన్‌తో స్తంభానికి నడుము ఎత్తులో కొత్త గాడి కొట్టారు.

ఆ కోపంతోనే సాయంత్రం ఇంటికొచ్చేసరికి బొమ్మల కాంట్రాక్టరు మనిషి మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కొత్త తాడు కడితే అసలుదానిలా కనిపించడం లేదట, పాతది కావాలట. కాక లోపలినుంచి తాడు చుట్ట తెచ్చి, దుమ్ము దులిపి అతని చేతిలో పెడుతున్నాడు.

"కాకా, నీకేమన్న సోయి ఉందా? అదిచ్చినంక పడుగు దేనితోని కడ్తవ్?" అని అరిచాను.

కాక నా మొహం చూడలేదు. తాడు కొస ఊడిపోకుండా ముడి వేసి ఇస్తూ, "ఏ పడుగు బిడ్డా?" అన్నాడు.