గోడకు ఎదురుగా వేసిన కుర్చీ

ఈ విషయంలో నా తెలివితక్కువతనం ఎంతటిదో ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులభం. ఇరవై రెండేళ్లుగా నేను ప్రభుత్వ బడిలో తెలుగు పండితుణ్ణి. పండితుణ్ణే గానీ పండినవాణ్ణి కాదని తెలుసుకోవడానికి నా కూతురు ఆరో తరగతికి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అంతవరకూ చదవలేని పిల్లలు నాకు రెండే రకాలు. సోమరులనుకున్న వాళ్ల చేత గోడకుర్చీ వేయించేవాణ్ణి. మొద్దులనుకున్న వాళ్లను చివరి బెంచీకి పంపి మరిచిపోయేవాణ్ణి. నా కూతురు ఏ రకమో తేల్చుకోలేక ఆమె కోసం కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టాను. గోడకుర్చీ వేయించలేదు. నిజం కుర్చీనే గోడకు ఎదురుగా వేసి, ఎండాకాలం సెలవుల్లో అందులో కూర్చోబెట్టాను.

మా బడిలో నేను చెప్పే చదువు మీద నాకెంత నమ్మకమంటే, నా కూతుర్ని హైవే పక్కనున్న ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చాను. ఈ మాటకు మా స్టాఫ్ రూములో ఎవరూ నవ్వరు. అందరి పిల్లలూ పొద్దున్నే ఆ పసుపు బస్సే ఎక్కుతారు.

ఏప్రిల్ నెలలో ఆ బడి కరస్పాండెంటు నన్ను పిలిపించాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి మొదలుపెట్టాడు.

"సార్, మీరూ టీచరే. మీకు నేను చెప్పాల్నా? పాప నోరు తెరిస్తే బాగానే మాట్లాడ్తాది. పుస్తకం తెరిస్తే ఏమీ లేదు. ఏకాగ్రత లేదు సార్. ఎప్పుడు చూసినా ఆ చేతులు ఆడిస్తానే ఉంటాది."

"ఏం చేద్దామంటారు?"

"జూన్‌లో బడి తెరిచినాక తెలుగులోనే ఒక పేజీ చదివిస్తాం, పది లైన్లు రాయిస్తాం. చేసిందంటే ఏడో తరగతి. చేయలేదంటే టీసీ తీసకపోండి. మా బడికీ ఒక పేరుండాది కదా."

తిరిగి వస్తుంటే బండి మీద వెనక నుంచి నా కూతురు అడిగింది.

"నాయనా, టీసీ ఇచ్చినారంటే ఇంగ ఏ బడికీ పోయే పనిలేదు కదా?"

ఆ గొంతులో భయం లేదు, ఆశ ఉంది. నన్ను భయపెట్టింది అదే. పదకొండేళ్ల పిల్ల బడి నుంచి విడుదల కోసం ఎదురుచూస్తోంది. జూన్ పరీక్ష తప్పితే ఏడో తరగతి పోవడమే కాదు, చదువే పోతుందని నాకప్పుడు తెలిసింది.

తెలిసింది గనక ఇంటికి రాగానే మడత కుర్చీ ఒకటి తీసి ముందు గదిలో గోడకు ఎదురుగా వేశాను. ధ్యాస చెదురుతుందని గోడ మీది క్యాలెండరు తీసేశాను. చప్పుడవుతోందని ఫ్యాను కూడా ఆపాను. ఏప్రిల్ ఎండల్లో, అదీ మా సోమందేపల్లెలో. మా ఆవిడ వచ్చి స్విచ్చి వేసి పోయింది.

మ చూపిస్తే య అనేది. ప చూపిస్తే వ అనేది. ఒక లైను చివరికి చేరేసరికి కన్ను జారి రెండు లైన్ల కింద పడేది. ఒక మాటను వందసార్లు రాయమంటే వందసార్లూ రాసింది, నాలుగైదు రకాల తప్పులతో. ఒత్తులు నేర్పబోయి ఒత్తిడి నేర్పాను. కొమ్ములు దిద్దించబోతే అవి నాకే మొలిచాయి. ఏకాగ్రత, ఏకాగ్రత అని రోజుకు పదిసార్లు అరిచేవాణ్ణి. నాలో ఉన్నది మాత్రం ఏక ఆగ్రహం.

కుర్చీలోంచి తప్పించుకున్నప్పుడల్లా నా కూతురు దొరికే చోటు ఒకటే, ఇంటి ముందు పంచ. ఆ రోజుల్లో మా అమ్మ అక్కడ విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశెనగ కాయలు, ఒలిపిస్తూ ఉంటుంది. మిషనులో వేస్తే గింజ మీది ఎర్ర పొర చిట్లుతుందనీ, చిట్లిన గింజ మొలవదనీ ఆమె పట్టు. అందుకని ఏటా ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, కాయలకు కాస్త తడి తగిలించి, చేత్తోనే ఒలిపిస్తుంది. మాటలు ఎన్నైనా మాట్లాడుకోవచ్చు, విత్తనం గింజ మాత్రం నోట్లో వేసుకోకూడదు. నా కూతురు వాళ్ల మధ్య దూరి కూర్చునేది. నేను పోయి రెక్క పట్టుకుని లేపుకొచ్చేవాణ్ణి.

ఒకరోజు మా అమ్మ అడ్డం పడింది.

"ఏమిరా, పిల్లను గోడకేసి కూచోబెట్టినావు, ఆ గోడేమన్నా పాఠం చెప్తాదా?"

"దానికి ధ్యాస కుదరాలమ్మా."

"ధ్యాసా? ఇట్ల రా. ఈ చాట నాది, ఆ చాట పాపది. దేంట్లో చిట్లిన గింజలు ఎక్కువుండాయో ఏరి చెప్పు."

ఏరాను. మా అమ్మ చాటలోనే ఎక్కువున్నాయి. పండితుణ్ణి కాబట్టి, అమ్మకు కళ్లు సరిగా కనబడటం లేదని తీర్మానించుకుని, పాపను మళ్లీ కుర్చీ దగ్గరికి తీసుకుపోయాను.

నా పాండిత్యాన్ని ఆపింది కరెంటు. ఒక మధ్యాహ్నం అది పోయి ఎంతకీ రాలేదు. గదిలో కూర్చోలేక పుస్తకం పట్టుకుని నేనూ పంచలోకి వచ్చాను. పాప అప్పటికే చాట ముందు పెట్టుకుంది. నా మొహం చూసి ఎదురింటామె అంది.

"ఏం సార్, ఊరికే కూచునే బదులు మాకన్నా చదివి వినిపీకూడదా?"

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో గాలి, తుపాను గురించిన పాఠం చదివాను.

"యాడో సముద్రంలో తుపాను వస్తాదంట. మనకు మబ్బు వచ్చేదే గగనం," అని ఎదురింటామె నవ్వింది.

చదవడం అయ్యాక, మాస్టరు బుద్ధి ఊరుకోదు కదా, ఏం విన్నారో చెప్పమన్నాను. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా కూతురు తలెత్తలేదు, చేతులు ఆపలేదు. ఒలుస్తూనే మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వేడెక్కిన గాలి పైకి ఎందుకు పోతుందో, ఆ ఖాళీలోకి చల్లగాలి ఎట్లా వస్తుందో, నేను చదివిన వరసలోనే.

నాకు నమ్మకం కుదరలేదు. "చేతులు ఆపి, నా మొహం చూసి మళ్లీ చెప్పు," అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నా మొహం చూసింది. రెండు మాటల తర్వాత మూడో మాట రాలేదు. చెయ్యి మళ్లీ చాటలోకి పోయింది. మాట మళ్లీ వచ్చింది.

ఆడవాళ్లు మళ్లీ కాయల్లో పడ్డారు. మా అమ్మ తన చాటను పాప చాట పక్కకు జరుపుకుంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మా బడికి ప్రతి గురువారం ఒక టీచరమ్మ వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలోని బళ్లన్నీ తిరుగుతుంది. ఎన్నో ఏళ్లుగా వస్తున్నా, రిజిస్టరులో సంతకం చేయించుకుని, టీ తాగించి పంపడం తప్ప నేను ఆమెను అడిగిందేమీ లేదు. ఆ రోజు మొదటిసారి ఫోన్ చేశాను. సెలవుల్లో కూడా గోరంట్ల నుంచి బస్సెక్కి వచ్చింది. పంచలో కింద కూర్చుని, తనూ నాలుగు కాయలు ఒలుస్తూ, పాప చేత కొంచెం చదివించింది, ఎక్కువ మాట్లాడించింది. గురువుకు గురువు వచ్చే రోజు కాబట్టే దాన్ని గురువారం అన్నారేమో. ఆ రోజు మాత్రం సోమవారం.

"పాప వినేది బాగుండాది సార్, అర్థం చేసుకునేది బాగుండాది. పేజీ మీది అక్షరాలే గుంపుగా మీద పడ్తాండాయి. ధ్యాస లేక చేతులు ఆడించడం లేదు. ధ్యాస నిలుపుకునే దానికే ఆడిస్తాండాది."

దీనికొక ఇంగ్లీషు పేరుందని కాగితం మీద రాసిచ్చింది. అక్షరాలు తడబడే పిల్లల ఇబ్బందికి అంత కష్టమైన స్పెల్లింగు ఎవరు పెట్టారో తెలియదు. తర్వాత ఇంట్లో ఉన్న పాత పెళ్లిపత్రిక ఒకటి అడిగి, మధ్యలో ఒక్క లైను కనబడేంత కిటికీ కత్తిరించింది. ఆ అట్టను పేజీ మీద జరుపుకుంటూ చదవాలి. పావుగంట కంటే ఎక్కువ వద్దు, మధ్యలో లేవనివ్వాలి, ముందు మనం చదివి వినిపించాలి, తర్వాతే పాప. ఎర్ర పెన్ను కొన్నాళ్లు దాచిపెట్టాలి.

"ఇట్లాంటి పిల్లలు మా బడిలో ఎంతమంది ఉంటారు మేడమ్?" అని అడిగాను.

"మీరు చివరి బెంచీకి పంపినోళ్లను పిలిచి చూడండి సార్," అంది, గొంతు పెంచకుండా.

ఆ సాయంత్రం కుర్చీని మడిచి అటక కింద పెట్టాను. జూన్ దాకా పంచలోనే పావుగంట చదువులు. పరీక్షకు పోయే రోజుకు నా కూతురు కిటికీ అట్టతో ఒక పేజీ లాగగలుగుతోంది. వేగం లేదు, కానీ దారి తప్పడం లేదు.

కరస్పాండెంటు తన గదిలోనే పరీక్ష పెట్టాడు. పాప అట్టముక్క పేజీ మీద పెట్టింది. ఎడమ పిడికిలిలో రెండు చెనిక్కాయలున్నాయి.

"ఏందమ్మా ఇది, కాపీ చీటీనా?" అని అట్ట లాగేసుకున్నాడు. కాయలు చెత్తబుట్టలో వేయించాడు. "చేతులు కట్టుకో. చేతులు ఆడిస్తే ఏకాగ్రత చెడ్తాది."

నేను పక్కనే కూర్చున్నాను. రెండు నెలల ముందైతే ఆ మాటలు నేనే అనేవాణ్ణి. బహుశా అందుకే నోరు పెగల్లేదు. ఎదుటివాడు తప్పు చేస్తుంటే చెప్పవచ్చు. మన తప్పే ఎదుటివాడు చేస్తుంటే ఎట్లా మొదలుపెట్టాలో తెలియదు. నా కూతురు చేతులు కట్టుకుని మూడు లైన్లు చదివింది. నాలుగో దగ్గర ఆగిపోయింది. టీసీ ముందే రాసి ఉంది, తేదీ వేయడమే తక్కువ.

టీసీ జేబులో పెట్టుకుని పాపను బండెక్కించుకున్నాను. ఆమె గొంతులో విడుదలైన సంతోషం కోసం నేను భయంభయంగా ఎదురుచూశాను. ఊరు దగ్గరికి వచ్చాక అంది.

"నాయనా, ఆ సారు నా అట్ట ఈలేదు."

"ఇంగోటి కత్తిరిద్దాంలే."

"మీ బడిలో పెరుక్కోరా?"

"ఆడ పెరుక్కునేది నేనే కదా. పెరుక్కోను."

ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో ఆమె కొంతదూరం ఆలోచించింది. మరుసటి రోజు నా వెంట మా బడికి వచ్చింది.

నేను చేసింది పెద్దదేమీ కాదు. మొదట తరగతిలో పిల్లలకు చెనిక్కాయలు పంచి పాఠం చదివాను. పాఠం సగంలో ఉండగానే కాయలు అయిపోయాయి, పొట్టు మిగిలింది. అప్పట్నుంచి చింతగింజలు ఇస్తున్నాను. అవి ఎవరూ తినరు. గింజలు చేతిలో దొర్లించుకుంటూ వింటారు, వినిందాన్ని చెప్తారు, ఆ తర్వాతే పుస్తకం.

మా హెడ్మాస్టరు గడపలో నిలబడి, "ఏమప్పా, ఇది తరగతా, చింతపండు మండీనా?" అన్నాడు. కానీ పరీక్షల్లో ఇట్లాంటి పిల్లలకు ప్రశ్న చదివి వినిపించడానికి, అరగంట ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. చివరి బెంచీ పిల్లల్లో కొందరు కదిలారు. కొందరు కదల్లేదు. వాళ్ల ముందటి బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు బెంగళూరులో ఎక్కడెక్కడో పనుల్లో ఉన్నారు, వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా కూతురు తొమ్మిదికి వచ్చింది. ఇప్పటికీ తొందరపెడితే మ, య అవుతుంది. కానీ పొద్దున నాకంటే ముందే బండి దగ్గర నిలబడుతుంది.

పోయిన వేసవిలో, ఒక ఆదివారం పొద్దున ఆ కరస్పాండెంటు మా ఇంటి ముందు కారు దిగాడు. వెంట ఎనిమిదేళ్ల మనవరాలు.

"సార్, మీరేదో కొత్త పద్ధతి చేస్తాండారంట. ఈ పాప పుస్తకం పడితే ఏడుస్తాది. మా టీచర్లు నాకు చెప్పేదానికి భయపడ్తాండారు."

మా అమ్మ అప్పటికే పంచలో కాయలు పోసుకుని కూర్చుంది. నా కూతురు ఆ చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చేతికి నాలుగు కాయలిచ్చింది. నేను లోపలికి పోయి అటక కింది నుంచి మడత కుర్చీ తెచ్చి, పంచలోనే గోడకు ఎదురుగా వేశాను.

"పద్ధతి చెప్పే ముందు మీకొక పాఠం వినిపించాల సార్. ఇట్ల కూచోండి. గోడనే చూస్తాండండి."

అవసరం ఆయనది. కూర్చున్నాడు. అడ్మిషన్ల కాలం కాబట్టి వాళ్ల బడి కరపత్రం మా ఇంట్లోనూ పడి ఉంది. దాన్నే తీసి చదివాను. ఏసీ గదులు, కంప్యూటర్లు, కరాటే, ప్రతి విద్యార్థి మీదా వ్యక్తిగత శ్రద్ధ, రవాణా సౌకర్యం. మూడోది చదివేసరికి ఆయన చెయ్యి తనకు తెలియకుండానే పక్కనున్న కాయల కుప్ప మీదికి పోయింది.

"చేతులు కట్టుకోండి సార్. ఏకాగ్రత చెడ్తాది."

వెనక్కి తీసుకున్నాడు. మెడ కాస్త ఎర్రబడింది. చదవడం ముగించి, ఏం విన్నారో వరసగా చెప్పమన్నాను. ఏసీ అన్నాడు, కంప్యూటర్లు అన్నాడు, కరాటే అన్నాడు, బస్సులన్నాడు.

వెనక నుంచి మనవరాలు, ఒలుస్తూనే, "నాలుగోది మర్చిపోతివి తాతా. ప్రతి విద్యార్థి మీదా వ్యక్తిగత శ్రద్ధ," అంది.

మా అమ్మ తల వంచుకుని నవ్వుకుంది. నా కూతురు మాత్రం నవ్వలేదు. పాత పెళ్లిపత్రిక ఒకటి తీసి, ఆ పిల్ల కోసం కిటికీ కత్తిరించే పనిలో ఉంది.

ఆ తర్వాత గంటసేపు నాకు తెలిసినదంతా, టీచరమ్మ ఫోన్ నెంబరుతో సహా, దాచకుండా చెప్పాను. దాంట్లో పగ ఏమీ లేదు. వాళ్లు బయలుదేరేటప్పుడు మాత్రం ఆ కుర్చీని మడిచి, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా, కారు డిక్కీలో నేనే ఎక్కించాను.