రెండు నెలలు వచ్చిన కాయిల్

మా ఆయన సిగరెట్ మానడం కూడా నా వంటింటి పనుల్లో ఒకటైపోయింది. ఈ మాట చెబితే నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండు వేల పదిహేను ప్రాంతం. మేము న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో ఉండేవాళ్ళం. నేను హాస్పిటల్లో నర్సుని. ఆయన ఊరి చివర ఒక పెద్ద గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. ఆ చలికాలంలో, నలభై ఆరేళ్ళ వయసులో, ఆయనకి గుండెనొప్పి వచ్చింది. స్టెంట్ వేశారు. ఇంకా సిగరెట్ కాలిస్తే ఈసారి ఇక్కడిదాకా రాకపోవచ్చని డాక్టర్ సూటిగా చెప్పాడు. ఆయన తల ఊపారు. అలా తల ఊపి ఇంటికెళ్ళి, ఆరు నెలలకి మళ్ళీ స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళకి నా వార్డులో నేను పక్కలు సర్దాను. ఒకరిద్దరికి ముసుగు కూడా కప్పాను. అందుకే నాకు కావలసింది ఒక్కటే, ఈయన ఇంకో సిగరెట్ ముట్టకూడదు.

పని దగ్గర ఎవరో చెప్తే వేప్ కొనుక్కొచ్చారు. సిగరెట్ బదులు నికోటిన్ ఆవిరి పీల్చుకునే, లావుపాటి పెన్నులాంటి మిషన్. దాని లోపల చిటికెన వేలి గోరంత కాయిల్ ఉంటుంది. సన్నటి తీగ చుట్ట, దాని మధ్యలో దూది. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, ఆవిరి వస్తుంది. కొన్నాళ్ళకి తీగ మీద నల్లటి మడ్డి పేరుకుని దూది మాడిపోతుంది. అప్పుడు దాన్ని పారేసి కొత్తది పెట్టుకోవాలి. ఆ రోజుల్లో నికోటిన్ ఉన్న ద్రవం ఇక్కడి షాపుల్లో అమ్మేవారు కాదు, బయటి దేశం నుంచి పోస్టులో తెప్పించుకోవాలి. ఆయన ఏరికోరి కొన్న మోడల్‌కి కాయిల్స్ కూడా అలాగే రావాలి. అదీ మా ఆయన ఎంపిక.

మొదటి పెట్టెలో కాయిల్స్ అయిపోయాయి, రెండోది రాలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎక్కడికని అడిగితే డెయిరీకి అన్నారు. ఇక్కడ డెయిరీ అంటే వీధి చివర కొట్టు. పాలూ బ్రెడ్డూ అక్కడే, సిగరెట్లూ అక్కడే. ఫ్రిజ్‌లో రెండు బాటిళ్ళ పాలున్నాయి.

"కూర్చోండి," అన్నాను. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఆ మాడిన కాయిల్ వెతికి తీశాను. యూట్యూబ్ పెట్టి, దూది మార్చుకోవడం ఎలాగో చూపించి ఆయన చేతికిచ్చాను.

"నాకంత చిన్నది కనపడదే. నీ చేతులైతే బాగా అలవాటు కదా," అన్నారు.

ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని ఇరవై అడుగుల ఎత్తున ఉన్న పెట్టె మీద నంబరు చదివే మనిషి ఆ మాటన్నారు. నా చేతులకి అలవాటే మరి. సూది వెయ్యడానికి పసిపిల్లల చేతిలో నరం దొరకబుచ్చుకున్న చేతులు. వాటికి ఇంట్లో ఈ ఉద్యోగం దొరికింది.

దూది కావాలి. ఇంట్లో ఉన్న దూది ఒక్కటే, కార్తీకమాసానికని అమ్మ చేసిచ్చిన వత్తులు. ఒక వత్తి విప్పి, సన్నగా పేని, తీగ చుట్టలోంచి దూర్చాను. మనసులో అమ్మకీ దేవుడికీ క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ఒక్కసారి లాగి, దగ్గుకుంటూ సింక్ దగ్గరికి పరిగెత్తారు.

"ఇదేంటే, పాలు అడుగంటిన వాసనొస్తోంది!"

వత్తి గట్టిగా నిలవాలని అమ్మ వేళ్ళకి పాలు అద్దుకుని చేస్తుంది. మా ఇళ్ళల్లో అందరూ అలాగే చేస్తారు. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. అమ్మ పేనిన వత్తిలోని పాలు మా ఆయన గొంతులో మాడాయి. ఆ రోజు నవ్వాను, ఒప్పుకుంటాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

తర్వాత మందుల షాపు నుంచి మామూలు దూది తెచ్చి, నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి వాడాను. పని పట్టుబడింది. పట్టకారుతో పాత దూది లాగెయ్యాలి. కాయిల్‌ని వేడినీళ్ళలో కొంచెం వెనిగర్ వేసి నానబెట్టాలి. ఆరాక మిషన్‌లో పెట్టి, దూది లేకుండానే బటన్ కొద్ది కొద్దిగా నొక్కితే తీగ ఎర్రబడి మడ్డి బూడిదవుతుంది. చల్లారాక పాత టూత్‌బ్రష్‌తో తుడవాలి. కొత్త దూది మరీ బిగిస్తే ద్రవం ఎక్కదు, మరీ వదులైతే కారుతుంది. తీగే తెగిపోతే సన్నటి స్క్రూడ్రైవర్ చుట్టూ కొత్త తీగ ఆరు చుట్లు చుట్టాలి. ఇదంతా డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కుక్కర్‌లో పడేసి, అది ఉడికేలోపు చేసేదాన్ని. ఆయన సోఫాలో కూర్చుని "అయిందా?" అని అడిగేవారు.

నాకు చాలా కోపంగా ఉండేది. కానీ నిజం చెప్పాలంటే గర్వంగా కూడా ఉండేది. కొత్త కాయిల్ పది రోజులు వస్తే, నేను బాగు చేసింది మూడు వారాలొచ్చింది. తర్వాత అయిదు వారాలు. ఆ తర్వాత ఏకంగా రెండు నెలలు. ఉగాది మీటింగ్‌లో పులిహోర వడ్డిస్తూ అందరికీ చెప్పాను. ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "మొగుణ్ణి ఇట్లా కాపాడుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా," అంది. నేను పొంగిపోయాను. ఆయన పక్కనే నిలబడి, ప్లేట్లో తల పెట్టి తింటున్నారు.

ఆ ఊళ్ళో వేప్ మిషన్లూ తీగలూ అమ్మే చిన్న షాపు ఒకటి తెరిచారు. తీగ కొనడానికి వెళ్ళాను. పెద్ద గడ్డం, మోచేతుల దాకా టాటూలున్న కివీ, అంటే న్యూజిలాండ్ మనిషి, కౌంటర్‌లో ఉన్నాడు. నేను ఊరుకుంటానా, నా రెండు నెలల కాయిల్ సంగతి అతనికీ చెప్పాను. అతను నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు.

"ఆయన ఇదివరకు రోజుకెన్ని సిగరెట్లు కాల్చేవాడు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఒక ప్యాకెట్ అన్నాను.

"అయితే ఎంత శుభ్రం చేసినా నెల దాటడం కష్టం. ఈ మిషన్ ఎక్కువగా డ్రాయర్‌లోనే ఉంటున్నట్టుంది," అన్నాడు.

కాయిల్స్ అమ్ముకునేవాడు ఇంకేమంటాడులే అనుకున్నాను. కారెక్కి అతన్ని తెలుగులో తిడుతూనే రెండు సిగ్నళ్ళు దాటాను. మూడో సిగ్నల్ దగ్గర ద్రవం బాటిల్ గుర్తొచ్చింది. అది నింపుకోవడం ఒక్కటే ఆయన చేసుకునే పని, అందుకని నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి అల్మరా తీశాను. సంక్రాంతి ముందు వచ్చిన బాటిల్ సగం కూడా తగ్గలేదు.

ఆయన కారు బయటే ఉంది. డిక్కీలో పని జాకెట్ ఉంటుంది. గోడౌన్ దుమ్ము ఇంట్లోకి ఎందుకని దాన్ని అక్కడే వదిలేసి, వచ్చీ రాగానే స్నానానికి వెళ్ళేవారు. ఎంత శుభ్రమో అని దానికీ మెచ్చుకున్నాను. జాకెట్ లోపలి జేబులో ప్యాకెట్ దొరికింది, ఇంకా నాలుగు మిగిలున్నాయి. రోజంతా జబ్బు మనుషుల మధ్య పనిచేసే నర్సుని. నా ఇంట్లో నాకేమీ తెలియలేదు. నేను కాయిల్ వైపే చూస్తూ కూర్చున్నాను.

ప్యాకెట్ టీపాయ్ మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి టీవీ ఆపేశారు.

"స్మోకోలో అందరూ బయట నిలబడతారు. ఒక్కటే. మాక్సిమమ్ మూడు," అన్నారు. స్మోకో అంటే ఇక్కడివాళ్ళ టీ బ్రేక్.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి."

"మరి నేను చేసిన కాయిల్స్ ఏం చేశారు?"

"ఇంట్లో ఉన్నప్పుడు లాగుతూనే ఉన్నా కదా. నువ్వు అందరికీ రెండు నెలలొచ్చింది, రెండు నెలలొచ్చింది అని అంత హ్యాపీగా చెప్పుకుంటుంటే... పాడు చెయ్యడం ఎందుకని చెప్పలేదు."

అంటే ఆయన నా సంతోషం కోసం సిగరెట్లు కాల్చారన్నమాట. నన్ను మండించింది ఆ ప్యాకెట్ కాదు, ఈ మాట. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన్ని "నువ్వు" అన్నాను.

"నువ్వు చస్తే ఆ కాయిల్ పట్టుకుని నేనేం చేసుకోను? నా వార్డుకే తీసుకొస్తారు నిన్ను. ఆ రోజు డ్యూటీలో నేనే ఉంటే?"

నేను ఏడ్చాను, కోపంతోనే ఏడ్చాను. పట్టకారు, తీగ, దూది, బ్రష్ అన్నీ ఒక డబ్బాలో వేసి ఆయన ఒళ్ళో పడేశాను. ఇక మీరే చుట్టుకోండి అన్నాను. చిత్రం, ఆ రోజు నుంచి ఆయనకి కళ్ళు కనిపించడం మొదలైంది. రెండు కాయిల్స్ పాడు చేసి, మూడోది సరిగ్గా చుట్టుకున్నారు.

పదకొండో రోజు సాయంత్రం ఆ కాయిల్‌ని అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చారు. పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"చూడు, పదకొండు రోజులకే మాడిపోయింది."

చూశాను. నల్లగా మాడింది. బాగా వాడితే అలాగే మాడుతుంది. ద్రవం లేకుండా నాలుగుసార్లు బటన్ నొక్కినా అలాగే మాడుతుంది. ఆ సంగతి ఆ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

మంచిది అని చెయ్యి తుడుచుకుని, కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళాను. డిక్కీ తెరిచి జాకెట్‌ని ముక్కుకి ఆనించుకున్నాను. అట్టపెట్టెల దుమ్ము, గ్రీజు, చెమట. పొగ వాసన లేదు. ఏ భార్య అయినా ఆ క్షణంలో సంతోషించాలి. నేను జేబులు ఒక్కొక్కటిగా వెతకడం మొదలుపెట్టాను. వంటింటి కిటికీలోంచి ఆయన చూస్తున్నారని తెలిసినా ఆగలేకపోయాను.